అల్లంముక్కలు

లుబ్లిన్‌లో వాన.
ఆవిడ నా చెవిలోకి గులాబీరంగు ముద్ద ఎక్కిస్తోంది.
పళ్ళ మధ్య చెక్కముక్క. మింగొద్దంది, నవ్వొద్దంది.
నవ్వొద్దన్నాకే నవ్వొచ్చింది.
చల్లగా పాకి పాకి
లోపల పెట్టిన దూది దగ్గర ఆగిందది.

రెండు చెవులూ మూసుకుపోయాక తెలిసింది
గదిలో ఇంకెవరో ఉన్నారని.
సన్నటి ఈల. ఎడమవైపు.
ఇన్నాళ్ళూ ఫ్రిజ్ అనుకున్నాను.
ఇంట్లో ఫ్రిజ్, వ్యానులో ఇంజను, హాల్లో ట్యూబులైటు,
ఎక్కడికెళ్తే అక్కడ
ఏదో ఒక వస్తువు మీదికి నెట్టేశాను.

పదకొండేళ్ళు. శనివారానికో పెళ్ళి.
సాయంత్రం ఆరింటి నుంచి తెల్లారి నాలుగు దాకా
సింబల్ నా చెవికి మూరెడు దూరం.

అచ్చు తీసినందుకు నూటయాభై జ్లోటీలు, అది వేరే.
ఆ అచ్చు పంపితే, ఎనిమిది వందలకే
నా చెవికి మాత్రమే పట్టేవి చేసిస్తారట.
పేరున్నవాళ్ళు నాలుగువేలు అడుగుతారు.
ఎనిమిది వందలకు చెవిలో పెట్టేది
ఇయర్‌ఫోనా, పువ్వా?

బోగ్నా అంది: ఫోమ్ తొడుగులు చాలవూ,
జత రెండొందలు, పోతే పోయాయి.
చాలవు. చెమటకి జారతాయి.
రెండో పాటకే బేస్
చిల్లికుండలో నీళ్ళలా కారిపోతుంది,
నేను వాల్యూమ్ పెంచుతాను,
ఎడమవైపు ఎవరో ఇంకాస్త గట్టిగా ఈలేస్తారు.

ఓస్కర్ అన్నాడు: నచ్చకపోతే ఎవరికమ్ముతావ్?
నిజమే. డ్రమ్ములు అమ్ముకోవచ్చు, వ్యాను అమ్ముకోవచ్చు.
నా చెవి ఆకారం ఎవడు కొంటాడు?
పైగా కోరస్ కోసం నోరు తెరిస్తే దవడ కదిలి
సందు పడుతుందట.
చవకవాటిలో ఆ సందు లెక్కలోకి రాదట.
ఒకసారి ఉచితంగా సరిచేస్తారట. ఒక్కసారే.

అచ్చులు ఇంటికి తెచ్చి వంటగది బల్లమీద పెట్టాను,
రెండు అల్లంముక్కల్లా.
కుడిది వంకర, ఎడమది సన్నం.
ముప్ఫైనాలుగేళ్ళుగా ఒక మొహానికి అటూ ఇటూ ఉండి
ఒకదానికొకటి పోలిక లేదు.
టిమెక్ ఒకటి తీసి తన చెవిలో పెట్టుకోబోయాడు.
అమ్మా, నువ్విది నాకివ్వలేవు, అన్నాడు, పట్టకపోయేసరికి.

అసలు సంగతి ఇదేం కాదు.
అసలు సంగతి జ్బిలుట్. మా అకార్డియన్.
పోయిన నెల పెళ్ళిలో, అర్ధరాత్రి,
పెళ్ళికూతురి మేలిముసుగు తీశాక
వాళ్ళ నాన్న వచ్చి నెమ్మదైన వాల్ట్జ్ అడిగాడు,
కూతురితో ఆడదామని, చెయ్యి అప్పటికే చాచి.
జ్బిలుట్ తలూపాడు. పోల్కా ఎత్తుకున్నాడు.
హాలంతా నవ్వు. తమాషా అనుకున్నారు.
పెళ్ళికూతురి తండ్రి కూడా నవ్వాడు, చాచిన చెయ్యి దించుకుని.
అందరికంటే చివర జ్బిలుట్ నవ్వాడు,
మా మొహాల్లో వెతుక్కుంటూ
ఇంతకీ ఏం జరిగిందో.

పాటంటే చెవి కోసుకునే మనిషి.
దారిలో, వ్యానులో, అడిగాను: నీకెప్పుడు మొదలైంది?
ఆ? అన్నాడు.
మళ్ళీ అడిగాను.
చలిగా ఉందా, అద్దం ఎక్కిస్తానుండు, అన్నాడు.

ఈ రాత్రి టిమెక్ పడుకున్నాక
ఫ్రిజ్ ప్లగ్గు పీకి నిలబడ్డాను.
వంటగది నిశ్శబ్దమైంది.
నేను కాలేదు.

పాలు పాడవుతాయని మళ్ళీ పెట్టి
ఫారం తెరిచాను.
ఏ రంగు కావాలో అడుగుతున్నారు.
పదహారు రంగులున్నాయి. ఇంతవరకూ
దాని దగ్గరే ఆగి ఉన్నాను.