సంతకం కలవనేదు

ద్వారకానగర్, మూడో అంతస్తు.
లిఫ్టు రేపు బాగవుతుందట,
పోయిన నెలా ఇదే మాట.
కూర్చుంటూ లేస్తూ ఎక్కాను.

"సంతకం కలవనేదమ్మా" అన్నాడు గుమస్తా,
పాలసీ నాటి కాగితం పక్కన
నిన్నటిది పెట్టి.

అప్పటి వరహాలులో
ప్రతి అక్షరమూ గుండ్రమే.
దువ్వాడ ఫ్యాక్టరీలో
రోజుకి ఆరొందల కాజాలు కుట్టిన వేళ్ళవి.
ఇప్పటివి, ఉప్పుగాలికి
తుప్పెక్కిన గేటు మడతబందులు.

కేజీహెచ్ డాక్టరు నన్ను మంచం మీద పడుకోబెట్టి చూశాడు.
వీళ్ళ డాక్టరు చూడకుండానే
కూర్చుని చేసే పని చెయ్యగలదని రాశాడు.
ఏ కుర్చీలోనో రాయలేదు.

"మళ్ళీ పెట్టండి, పాతదానిలాగే."
'వ' తిరగలేదు.
పెన్ను దించేశాను.

బాబూ,
ఆ పాత సంతకం పెట్టిన పిల్ల
ఎక్కడైనా దొరికితే చెప్పు,
మీ డబ్బులు మీకే వదిలేస్తాను.