తొలి ముద్ద

యారాడ కొండ మీది దీపం
ఒకప్పుడు నా పేరు పలికేది.
మెరుపుకీ మెరుపుకీ నడుమ చీకటిని
వేళ్ళమీద లెక్కేసి
గోడంతా బొగ్గుతో రాశాను.
ఓడ కూత వేస్తే, కిందన సంతకం.

నిద్రలేని పదకొండో రాత్రి
ఫిషింగ్ హార్బరు జెట్టీ మీద
ఐసు పెట్టెల మధ్య బట్టల్లేకుండా నిలబడి
సముద్రాన్ని వెనక్కి పొమ్మన్నానంట.
అది పోయింది కూడా.
ఆటు వేళ.

వలలు కట్టే ఎర్రాజీ మావ వచ్చి
"రారా గుంటడా, టీ తాగుదుం" అన్నాడు.
ఆటోలో చినవాల్తేరు దాకా నా చెయ్యి వదల్లేదు.
అతని వేళ్ళకి నైలాను దారం ఇంకా చుట్టుకునే ఉంది.

ఆస్పత్రిలో నలభై రోజులు.
గుర్తున్నది తడి గచ్చు వాసన,
సబ్బుబిళ్ళ చెవికి పెట్టుకుని
ఫోను మాట్లాడే పక్క మంచం కుర్రాడు.
ఓసారి నాకిచ్చాడు, మాట్లాడమని.
అవతల ఎవరూ లేరు.
ఎవరూ లేకపోవడం
ఎంత హాయిగా ఉందో!

ఇంటికొచ్చాక మళ్ళీ అన్నంలో విషం.
అప్ప ఎదురుగా కూర్చుని
నా కంచంలోంచి తొలి ముద్ద తనే తినేది,
మింగానని నోరు తెరిచి చూపించేది.
పూటపూటా, రెండేళ్ళు,
ఎండుచేపల తట్టతో పూర్ణా మార్కెట్టుకి
పొద్దుపోతున్నా సరే.

నెలకో ఇంజెక్షను.
చేతులు వణుకుతాయి, ఒళ్ళొచ్చింది,
పగలే నిద్ర.
మొదట్లో వలకన్ను ఒక్కటి వెయ్యడానికి
ఒక పూట పట్టేది. ఇప్పుడు బారెడు కడతాను.
"ముడి గట్టిదే, మనిషివే ఒదులు" అంటాడు మావ.
అందరూ నవ్వుతారు. నేనూ.

గొంతులు పోయాయా అని అడుగుతుంది డాక్టరమ్మ.
ఉన్నాయమ్మా,
గోడ అవతల పక్కింటోళ్ళ టీవీలాగ.
లేచెళ్ళి చూడను.

దీపం ఇంకా తిరుగుతూనే ఉంది,
పడవలోళ్ళ కోసం.
అబద్ధమెందుకు, కాస్త చిన్నబోతాను.
లోకమంతా నాతోనే మాట్లాడిన రోజుల తర్వాత
ఊళ్ళో ఒకడిగా బస్సుకి నిలబడటం.

నిన్న రాత్రి కవళ్ళ పులుసు.
అప్ప చెయ్యి కడుక్కుని వచ్చేసరికి
సగం కంచం అయిపోయింది.
అలవాటుగా ఆమె చెయ్యి
నా కంచం దాకా వచ్చి, ఆగి,
ఒక ముల్లు ఏరి
పక్కన పెట్టింది.