లెక్క

మా పక్క లెక్క అంటే డబ్బు.
ఫీజు అడిగితే "చేతిలో లెక్క లేదు సా" అంటారు.
నేను చెప్పే సబ్జెక్టు పేరూ అదే.
పందొమ్మిదేండ్ల సర్వీసులో
ఆ రెంటికీ చుట్టరికముందని
నాకు తట్టనే లేదు.

దామలచెరువు హైస్కూలు, తొమ్మిది బి,
అన్నాలు తిన్నాక మొదటి పీరియడ్డు.
కిటికీ అవతల మండీకి పొయ్యే తోతాపురి లోడ్లు,
యివతల పిలకాయల కండ్లల్లో సగం నిద్ర.
బోర్డు మీద రెండు సమీకరణాలు, x ఒకటి, y ఒకటి.
మునిచంద్రిక లేచి నిలబడింది.
"ఇది యాడ పనికొస్తాది సా?"

"పబ్లిక్‌లో నాలుగు మార్కులకు" అన్నా.
కూచుండిపొయ్యింది.
ఆ పూట గెలిచింది నేనే.
రాత్రి పెరుగన్నం మాత్రం గొంతు దిగలేదు.

ఆదివారం గుజ్జు ఫ్యాక్టరీకి పొయ్యినా.
గేటు కాడ టెంకల గుట్టలు, వాటిమీద ఈగల తిరనాళ్ళు.
ల్యాబులో షర్ఫున్నీసా.
ఒకప్పుడు నా క్లాసులో కడగొట్టు బెంచీ,
ఇప్పుడు నెత్తికి వల టోపీ పెట్టుకోని
గాజు మీద ఒక్క చుక్క గుజ్జేసి
కన్ను ఆనించి చూస్తా ఉంది.

"తోతాపురి తీపి పద్నాలుగు సా, బేనీషాది ఇరవై.
దుబాయోడికి పదహారు కావల్ల.
మూడు వేల లీటర్లు. సందకాడికి కంటైనర్ కదలాల."
చెప్తానే అరచేతిలో పెన్నుతో రాసింది.
అదే x.
అదే y.
"రెండుకు ఒకటి!" అని కేకేసింది,
అవతల ఎవరో వాల్వు తిప్పినారు,
పైపుల్లో పసుప్పచ్చగా ఏదో కదిలింది.

నా బోర్డు మీద ఏనాడూ
ఏదీ కదిలింది లేదు.

"తప్పితే?" అన్నా.
"గుజ్జంతా పారబోస్తారు సా,
దాంతోపాటు నన్ను గూడా" అని నవ్వింది.

తిరపతి బస్సెక్కినా.
పాకాల దాటినాక మలుపులో
రోడ్డు ఒక పక్కకు కొంచిం ఎత్తుగా ఉంటాది,
ఇన్నేండ్లూ దానిమీదే తిరిగినా, చూసింది లేదు.
బస్సు వొరిగింది, పడలేదు.
ఎవురో పేరు తెలీని మనిషి
ఎండలో గొడుగు కింద నిలబడి
ఆ వాలుకు కోణం కట్టి పొయ్యినాడు.
యాభైమందిమి ఒక టాంజెంటు మీద కూచోని
చెనక్కాయలు తింటా పోతా ఉన్నాం.

సోమవారం బోర్డు జోలికి పోలేదు.
రెండు బిందెలు, బెల్లం నీళ్ళు, ఒకటి చప్పన, ఒకటి తీపి.
"షర్ఫున్నీసక్క ఉద్యోగం ఇప్పుడు మీది" అన్నా.
నాలికలతో మొదలుపెట్టినారు,
పెన్సిళ్ళ కాడికొచ్చినారు.
కొందరు తాగి ఊరుకున్నారు. అదీ నిజమే.

మునిచంద్రిక తాగలేదు.
నోటుబుక్కులో ఏందో గీస్తా ఉంది.
"సా, మా నాయన నాలుగు టన్నులు తోలినాడు.
టన్నుకు నూరు కిలోలు సూటు తీసేస్తారు గదా,
మూడువేల ఆర్నూరుకే మాకు డబ్బులు.
మరి కమీషను నాలుగు వేల కిలోలకూ పట్టినారే!
కిలో ఎనిమిది, నూటికి పది...
మూడు నూర్ల ఇరవై రూపాయలు సా.
లేని కాయలకు గూడా కమీషనా?"

తరగతిలో ఫ్యాను చప్పుడొకటే.
నేను చెప్పిన పాఠం కాదది.
నా పాఠంలో సూటు లేదు.

బుధవారం ఆ పిల్ల బడికి రాలేదు.
బేస్తవారం వచ్చింది,
మోకాళ్ళ మీద మండీ దుమ్ము.
ఏమైందని నేనడగలేదు, తనే చెప్పింది.
నాయన మాట్లాడబోతే మండీ సావుకారు
మొకం పక్కకు తిప్పుకున్నాడంట.
ఈ పిల్ల నోటుబుక్కు తెరిచి
తక్కెడ పక్కన పెట్టిందంట.
చాలాసేపు చూసినాడంట.

"డబ్బులు ఇచ్చినాడా?"
"సగం ఇచ్చినాడు సా.
మిగతాది వచ్చే లోడుకంట."
కూచోబోయి మళ్ళీ లేచింది.
"అది గాదు సా,
మమ్మల్ని లెక్కచేసినాడు."