అష్టమి నాడు కదలని నీళ్లు

కోవెల్ ఊళ్లో దిగిన మూడో సాయంత్రం
షెడ్డు వెనక నిలబడి చూశాను.
సన్నటి వంక. వెలుగు ఎడమ చెంపన.
రేపో ఎల్లుండో అమావాస్య, అన్నాను
క్లెమ్ హార్ట్‌విగ్‌తో, పంచాంగం తెలిసిన మనిషిలా.
ఆయన టోపీ వెనక్కి తోసి
"పెరుగుతోందమ్మా అది" అన్నాడు.
బహుళపక్షపు వంక సాయంత్రం పడమట ఉండదని
ఆ క్షణాన నాకు తోచనే లేదు.

మర్నాడు నమ్మలేక మళ్లీ చూశాను.
లావెక్కింది.
మా రేపల్లెలో తదియ చంద్రుడు
వెల్లకిలా పడుకున్న పడవ, కొంచెం కుడికి ఒరిగి.
ఇక్కడ అదే పడవ ఎడమకి ఒరిగింది,
ఎవరో అటువైపు నుంచి ఎక్కినట్టు.

పాడ్యమి విదియ తదియ చవితి
వేళ్ల మీద నేర్చుకున్నాను చిన్నప్పుడు.
భాద్రపద చవితికి ఉండ్రాళ్లు తిని
నేలచూపులతో నడిచేదాన్ని,
నీలాపనిందలకి భయపడి.
తిథులన్నీ వచ్చు. చూడ్డం రాలేదు.
భూమి నీడ పడి తరుగుతాడని
నలభై ఏళ్లు నమ్మాను.
ఎవరూ అడగలేదు గనక ఎవరూ దిద్దలేదు.

ఆ వారం చివర గల్ఫులో నీళ్లు ఆగిపోయాయి.
పోటు లేదు, పాటు లేదు.
రోజంతా ఒకే లోతు, పళ్లెంలో పోసినట్టు.
డాడ్జ్ టైడ్ అంటారట.
సూర్యుడొకవైపు, చంద్రుడు దానికి అడ్డంగా లాగితే
ఎటూ పోలేక నిలబడిపోతుందట సముద్రం.
బుట్టలు నీళ్లలోంచి బయటపడవు,
ఆలుచిప్పలకి గాలి తగలదు,
పడవ తీయడం దండగ.
గోడ మీద టైడ్ టేబుల్‌లో ఆ రోజు గడి దాదాపు ఖాళీ.
పక్క మేకుకి వేలాడే నా పంచాంగంలో అష్టమి.
అష్టమి నాడు ఏ పనీ మొదలెట్టొద్దనేది మా నాయనమ్మ.
చెబితే, "ఆవిడ ఆయిస్టర్లు పెంచేదా?" అన్నాడు క్లెమ్.

నాలుగింటికి, ఈశాన్యాన,
పగటి చంద్రుడు, సగం, ఉతికి ఆరేసిన తెలుపు.
బుట్టలకి కట్టే బోయ ఒకటి విప్పి
నా చేతికిచ్చాడు. గుండ్రంగా, తెల్లగా, కాస్త నాచు.
"చెయ్యి చాపి దాని పక్కన పట్టు."
పట్టాను.
బోయ మీద ఎడమ సగం వెలుగు, కుడి సగం నీడ.
పైనా అంతే. నడిమి గీత కూడా ఒకే వాలు.
ఒకే ఎండ
నా చేతిలో ప్లాస్టిక్ మీదా, అంత దూరాన ఆ రాయి మీదా.

భూమి నీడ కోసం వెతికాను.
అది తూర్పున నేల కింద ఎక్కడో తన దారిన తను ఉంది.
అమావాస్యకో పున్నానికో అంటాం కదా,
ఆ మాత్రం కూడా రాదు,
ఏ గ్రహణపు పున్నమికో తప్ప.

చెయ్యి అలాగే చాచి మెల్లగా తిరిగాను,
కాంక్రీటు మీద రబ్బరు బూట్లు కిర్రుమంటుంటే.
ఎండకి ఎదురు తిరిగితే బోయ నల్లబడింది, అమావాస్య.
ఎండ వీపుకి పెట్టి, నా తల నీడ తగలకుండా ఎత్తితే పున్నమి.
మధ్యలో విదియలు, చతుర్దశులు,
మా నాయనమ్మ ఏకాదశి ఉపవాసాలన్నీ
ఒక్క చుట్టులో.
తరిగిన రోజున కూడా సగం బోయ
నిండుగా వెలుగుతూనే ఉంది, నాకు కనపడని వైపు.

మరి ఎడమేమిటి, కుడేమిటి?
క్లెమ్ చెప్పలేకపోయాడు. పుట్టాక ఇటు నుంచే చూశాడాయన.
మర్నాటి రాత్రి గిన్నెలు తోముతుంటే తట్టింది.
రేపల్లెలో దక్షిణానికి తిరిగి చూసేదాన్ని,
పడమర కుడిచేతికి.
ఇక్కడ ఉత్తరానికి తిరిగి చూస్తున్నాను,
పడమర ఎడమచేతికి.
పొద్దు వాలిన వైపే రెండు చోట్లా ఆయన మొహం.
కుడి ఎడమలు నావి. పడమర ఆయనది.

సబ్బు చేతులతో పెరట్లోకి వెళ్లాను.
నవమి. గీత ఉబ్బి కొంచెం వంగింది.
ఫోన్ మోగింది, క్లెమ్ మెసేజ్.
నీళ్లు కదిలాయి. ఐదింటికి పడవ.
బూట్లు గుమ్మం దగ్గరికి తెచ్చుకున్నాను,
ఎడమది ఎడమవైపు.