ఒకే రీలు

మొన్న పార్శిల్ల దిగింది కొత్త డెక్కు.
చప్పుడే లేదు, నూనె పెట్టిన తలుపు తీరు.
పక్కన పాతది:
మట్టెవాడ గౌసుద్దీన్ మూడుసార్లు బెల్టు మార్చిండు,
వేడెక్కితే దుమ్ము కాలిన వాసన.

ఒకే రీలు రెండిట్ల వేసి విన్న.
కొత్తవాడల, మగ్గం ఆపి
ఎల్లస్వామి పాడిన రాత్రి.

కొత్తదాంట్ల ప్రతి అక్షరం
పళ్లెంల గవ్వ పడ్డట్టు.
గొంతు మాత్రం సన్నబడి ఉరుకుతున్నది,
కాజీపేటల బండి తప్పిపోతదన్నట్టు.

గౌసుద్దీన్ నవ్విండు:
"ఆనాడే నీ మిషన్ నిదానం గద సార్.
నిదానంగ పట్టింది నిదానంగనే ఇడుస్తది."

కొత్తదాన్ని వాపసు పంపలే.
కొత్త రీళ్లకు ఉండనీ.

పాతదాని మీట నొక్కిన.
పాటకు ముందు
ఎల్లస్వామి దగ్గిండు,
అచ్చం
తన దగ్గే.