ముప్పై ఏడో చుక్క

తాతలకి దగ్గులు నేర్పడానికి
ముప్పై రెండు స్లైడ్లు చేసుకుపోయాను.

మే నెలాఖరు, విజయవాడ.
ఇరిగేషన్ ఆఫీసు మేడ మీది హాలు.
పనిచేస్తున్న ఏసీ ఒక్కటే, దాని కింద కుర్చీలన్నీ ఎస్‌ఈలవి.
మిగతా అందరం ఉడుకుతున్నాం.

మొదటి స్లైడు: కృష్ణ ఎక్కడ పుట్టింది.
రెండోది: కాలువలు ఎన్ని రకాలు.
మూడోది వేసేలోపే ముందు వరసలో
రిటైరైన తాళ్ళూరి సత్యవర్ధన్ గారు
కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు.
కాలువగట్ల మీద సైకిలు అరగదొక్కిన మనిషి.
ఆ తుడవడం నాకు అర్థమైంది.
పది స్లైడ్లు గబగబా దాటేశాను.
నీరు పల్లమెరుగునని
మోకాటి లోతున నానినవాళ్ళకి చెప్పేదేముంది?

గ్రాఫ్ వచ్చింది.
నిలువుగా నీటిమట్టం, అడ్డంగా ప్రవాహం.
ఏలూరు కాలువలో రెండేళ్ళ కొలతలు,
వాటి మధ్యగా నున్నటి వంపు.
ఇల్లు అలికేశాను, ఇక పండగే అనుకున్నాను.

"ఎన్ని చుక్కలమ్మా?"
ముప్పై ఆరండి.
"కొలిచినవెన్ని?"

స్టేషన్ వైపు నుంచి గూడ్సు బండి కూత
తీరిగ్గా హాలు దాటి వెళ్ళింది.

ముప్పై ఏడు.
ఒకటి వంపుకి బాగా పైన పడితే
రాత్రి కూర్చుని తీసేశాను.
అందం కోసం.
కాదు, మీరడుగుతారన్న భయంతో.

"అదే చూపించు."
తిట్టలేదాయన. కుర్చీ ముందుకి లాక్కున్నారు.
చేతులు కట్టుకున్న హాలంతా చేతులు విప్పుకుంది.

బోర్డు మీద ఆ చుక్క పెట్టాను.
చెయ్యి వణికి దానికో తోక వచ్చింది.

గేజి కుంగిందా? పూడికా?
దిగువ లాకు తలుపులు దించారా?
ఏసీ కింది ఎస్‌ఈ గారొకరు లేచొచ్చి
నా పెన్ను లాక్కుని ఏదో గీసి, చెరిపి, మళ్ళీ గీశారు.
ఏసీ సంగతి అందరూ మర్చిపోయారు.

"ఆ పూట గేజి చదివిందెవరు?"

టీ ట్రేతో గుమ్మంలో నిలబడ్డ
లస్కరు బాజీ వైపు తలలన్నీ తిరిగాయి.
ట్రే ఎక్కడ పెట్టాలో తెలీక
ప్రొజెక్టరు పక్కన పెట్టాడు.
"గుర్రపుడెక్క సార్. కింద వంతెన ఖానాలకి అడ్డం పడి
నీళ్ళు ఎగదన్నినయ్. మూరెడు లేచింది.
పుస్తకంలో రాశా.
మేడంగారు అంకె ఒక్కటే ఎక్కించుకున్నారు."

నేనేం మాట్లాడలేదు.
మాట్లాడాల్సిందంతా అప్పుడే మొదలైంది,
ఒంటిగంట దాటినా తెగలేదు.
టీలు మీగడ కట్టాయి.
ఇరవై స్లైడ్లు నా సంచీలోనే ఉండిపోయాయి.

ఇప్పుడు ఎక్కడికి పిలిచినా
నా మొదటి స్లైడులో ఒక్క చుక్కే ఉంటుంది,
తోకతో సహా.
దాని కింద బాజీ చేతిరాత.

కృష్ణ ఎక్కడ పుట్టిందో
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.