తోక లాగితే

నలభై ఒక్కేళ్లు కురె పట్నంలో లిఫ్టులు బాగుచేశాను.
గోళ్లలో గ్రీజు వదలడానికి
రిటైరయ్యాక రెండేళ్లు పట్టింది.
ఇప్పుడా వేళ్లతోనే
అరచేయంత కాగితం ముందు కూర్చున్నాను,
లైబ్రరీ నుంచి తెచ్చిన పిల్లల ఒరిగామి పుస్తకం
టీ కప్పుకి ఆనించి.

పై అంతస్తు ఇసోగై గారు మెట్ల మీద జారిపడింది.
తుంటి ఎముక.
మా బిల్డింగుకి లిఫ్టు లేదు.
నవ్వుకోండి, ఫర్వాలేదు, నేనూ నవ్వుకున్నాను.

పదమూడేళ్లుగా ఆవిడకీ నాకూ పడదు.
మంగళవారం చెత్తలో గురువారం సీసా కలిసిందని ఒక చీటీ.
బేస్‌బాల్ కామెంటరీ తన నేలలోంచి మొలుస్తోందని ఒక చీటీ.
నా బాల్కనీలో ఎండుతున్న చేపల వల్ల
"నా దుప్పట్లు సముద్రం కంపు కొడుతున్నాయి"
అని ఇంకో చీటీ.
అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలే,
నాలుగు మడతలు, అంచుకి అంచు.

ఆసుపత్రికి పళ్లు పట్టుకెళ్లే చుట్టరికం కాదు మాది.
పోనీ కార్డు పంపుదామంటే
దుకాణంలో అన్నీ త్వరగా కోలుకోమని అరుస్తున్నాయి,
ఒక్కటీ కదలకుండా.
కదలని సరుకు కొనడం
నా వృత్తికే తలవంపు.

మధ్యలో కొంగ.
రొమ్ము ఎడమ పుటకి, తోక కుడి పుటకి.
కార్డు తెరిస్తే తోక సాగాలి,
తోక సాగితే రెక్క వాలాలి.
లిఫ్టూ అంతే,
అటు బరువు దిగితేనే ఇటు పెట్టె ఎక్కేది.

మొదటిది ఖరీదైన చేతికాగితం, గులాబీ రంగు.
మడత నిలవలేదు.
పొదుగు మీద కోడిలా చతికిలబడింది.
రెండోదానికి బంగారు అంచు,
తెరవగానే తోక చేతికొచ్చింది.
మూడోదాన్ని పంతం పట్టి బిగించాను,
ప్రతి గీతా గోటితో రుద్ది కత్తివాదర చేశాను.
లాగితే కార్డే వంగింది గానీ
రెక్క చలించలేదు.

అర్ధరాత్రి దాటింది.
కింద ఓడల యార్డులో వెల్డింగ్ మెరుపులు.
మా మేస్త్రీ నిషిగోరి గుర్తొచ్చాడు:
"బోల్టు ఎవడైనా బిగిస్తాడురా.
ఎంత వదలాలో తెలిసినవాడే మెకానిక్కు."
తలుపుకీ గడపకీ మధ్య వెంట్రుకవాసి సందు
ఉంటేనే కదా ఏదైనా కదిలేది.

ఇంట్లో పల్చగా ఉండి, మడత పట్టే కాగితం
ఒక్కటే రకం.
సొరుగు తెరిచి
చేపల చీటీ తీశాను.
చతురస్రంగా కత్తిరించాను.
ఆవిడ మడతలు అప్పటికే ఉన్నాయి అందులో,
సగం పని వాటి వెంటే నడిచింది.
మెడ దగ్గర వెంట్రుకవాసి వదిలేశాను.

ఆడింది.

ఎడమ రెక్క మీద "నా దుప్పట్లు",
కుడి రెక్క మీద "సముద్రం".
తెరిచీ మూసీ, తెరిచీ మూసీ,
చివరికి తెల్లారింది.
కింద ఏమీ రాయలేదు,
సంతకం కూడా.

పదిహేడో రోజున లావుపాటి కవరొచ్చింది.
లోపల నా కార్డే.
తోక మొదలంటా చిరిగింది,
రెక్కల చివర్లు వేళ్ల జిడ్డుతో నల్లబడ్డాయి.
తాడు అరుగుదల చూసి
పెట్టె ఎన్నిసార్లు ఎక్కి దిగిందో చెప్పగలను నేను.
ఇది ఒకసారి లాగితే వచ్చే చిరుగు కాదు.
వార్డు వార్డంతా లాగి ఉంటుంది.

వెంట ఒక చీటీ, అవే ముత్యాలు:
"పనితనం నాసిరకం. తోకలో బలం లేదు.
శుక్రవారంలోగా బాగుచేయవలెను.
పక్క మంచం ఆవిడ రోజూ అడుగుతోంది."

ఫిర్యాదు వస్తే
చెడిన చోటికే వెళ్లి బాగుచేయాలి. అది మా కంపెనీ రూలు.
ఆసుపత్రి బస్సు పదీ ఇరవైకి.
జిగురు, కత్తెర, కళ్లద్దాలు,
పాత చీటీలు నాలుగు సంచిలో వేసుకున్నాను.

ఎండుచేపలు మాత్రం పట్టుకెళ్లలేదు.